స్టేడియం ఒప్పందాన్ని వెనక పేజీ నుంచి చదవడం ఎలా

శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు 412 పేజీల ఒప్పందం బయటపెట్టి, మంగళవారం ఉదయం దాని మీద ఓటు వేస్తామని ప్రకటించారంటే, దాన్ని ఎవరూ చదవకూడదన్నదే వాళ్ల కోరిక. నేను చదివాను. ఆ శని, ఆదివారాల్లో ఒక ఎర్ర పెన్సిలు సగం అరిగింది. స్థానిక ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం ఇరవై రెండేళ్లు చేసి, అప్పటికి పదవీ విరమణ పొంది నాలుగు నెలలైంది. చేతులు ఊరికే ఉండలేదు.

ఆట అంటే పడనివాడినని అనుకోకండి. జట్టు ఓడిపోతే ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టని మనిషిని. నా పేచీ ఆటతో కాదు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసే పద్ధతితో. వృత్తిపరమైన జట్టుకు ప్రజల డబ్బుతో స్టేడియం కట్టిస్తామనే ప్రతిపాదన మీ ముందుకు వస్తే దాన్ని ఎలా చదవాలో, ఏ పేజీ ముందు తిప్పాలో చెబుతాను. పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఒక కాలిక్యులేటర్, ఒక ఎర్ర పెన్సిలు, కాస్త మొండితనం ఉంటే చాలు.

మొదటి ముప్ఫై పేజీలు వదిలేయండి. వాటిలో రంగుల బొమ్మలుంటాయి. సాయంత్రపు వెలుగులో స్టేడియం, చుట్టూ ఏపుగా పెరిగిన చెట్లు, బెలూన్లు పట్టుకున్న పిల్లలు. ఆ చెట్లకు బడ్జెట్లో పైసా కేటాయింపు ఉండదు. నేను వెతికి చూశాను.

లీజు: అసలు కథ ఉండేది ఇక్కడే

కట్టడానికి ఎంతవుతుందన్నది పత్రికల్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. ముప్ఫై ఏళ్లలో ఎవరికి ఎంత పడుతుందన్నది మాత్రం లీజులో, అదీ చివరి అనుబంధాల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకే వెనక నుంచి చదవమంటాను. నాలుగు విషయాలు వెతకండి: అంచనా మించితే ఎవరు భరిస్తారు, మరమ్మతులు ఎవరివి, లోపల పుట్టే ఆదాయం ఎవరిది, జట్టు మధ్యలో వెళ్లిపోతే ఏమవుతుంది.

మరమ్మతుల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే కొంప ముంచేది ఎక్కువగా అదే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో హామిల్టన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రజలు 1996లో అర శాతం అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. సిన్సినాటి నగరంలోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఒకటి, బేస్‌బాల్ జట్టుకు ఒకటి, రెండు స్టేడియాలు కట్టడానికి. ఇళ్ల యజమానులకు ఆస్తిపన్నులో కొంత వెనక్కి ఇస్తామని ఆశ కూడా చూపారు. ఫుట్‌బాల్ స్టేడియం 2000లో తెరుచుకుంది. ఆ లీజు ప్రకారం, ఇతర స్టేడియాల్లోకి వచ్చే కొత్త హంగులను కౌంటీ తన ఖర్చుతో ఇక్కడా పెట్టాలి. ఆ హంగుల జాబితాలో ఆటను హోలోగ్రాములుగా గాలిలో మళ్లీ చూపించే యంత్రం కూడా ఉంది! అలాంటి యంత్రం అప్పటికి లోకంలో లేదు. లేని యంత్రానికి పన్ను కట్టేవాళ్లను ముందే పూచీ పెట్టిన ఘనత ఆ ఒప్పందానిది. తర్వాత అమ్మకపు పన్ను అంచనాలను అందుకోలేదు, ఆస్తిపన్ను రాయితీ కుదించుకుపోయింది, కౌంటీ తన ప్రజా ఆసుపత్రిని అమ్ముకుంది.

సెయింట్ లూయిస్ నగరంలో ఇంకో రకం వాక్యం ఉండేది. 1995లో లాస్ ఏంజలిస్ నుంచి ఫుట్‌బాల్ జట్టును రప్పించుకునే తొందరలో, తమ స్టేడియం 2005లోనూ, 2015లోనూ లీగ్‌లోని మొదటి నాలుగో వంతు స్టేడియాల స్థాయిలో ఉంటుందని లీజులో రాసిచ్చారు. అంటే మిగతా నగరాలు కొత్తవి కడుతున్న కొద్దీ, గోడ కూడా బీటలు వారని మీ కట్టడం పాతబడిపోతుంది. అలాగే జరిగింది. 2013లో మధ్యవర్తులు జట్టు అడిగిన భారీ మార్పుల వైపే తీర్పు చెప్పారు. అంత డబ్బు పెట్టలేమన్నారు అధికారులు. జట్టుకు లీజు నుంచి విముక్తి దొరికింది, 2016లో మళ్లీ లాస్ ఏంజలిస్ వెళ్లిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. ఆ తరలింపు మీద వేసిన దావాలో 2021లో 79 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది కానీ, అది ఆ నగరం అదృష్టం. ప్రతి నగరానికీ అలాంటి న్యాయవాదులు దొరకరు.

కాబట్టి "అగ్రశ్రేణి", "సమకాలీన ప్రమాణాలకు తగినట్టు", "ఇతర స్టేడియాలతో సమానంగా" అనే మాటలు ఎక్కడ కనిపించినా ఎర్ర గీత గీయండి. "పెట్టుబడి స్వభావం గల మరమ్మతులు" అనే మాట కింద రెండు గీతలు. బల్బు మార్చడం జట్టు పని, పైకప్పు మార్చడం మీ పని అని దాని అర్థం.

ఖర్చు మించిపోవడం గురించి "ఇల్లు కట్టి చూడు" అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. లండన్‌లో 2012 ఒలింపిక్స్ స్టేడియాన్ని ఫుట్‌బాల్‌కు (అమెరికాలో సాకర్ అనే ఆటకు) అనువుగా మార్చే పని 19 కోట్ల పౌండ్ల అంచనా నుంచి 32 కోట్ల 30 లక్షలకు చేరింది. అందులో వెస్ట్ హామ్ క్లబ్బు పెట్టింది కోటిన్నర. అద్దె ఏడాదికి 25 లక్షల పౌండ్లు, గడువు 99 ఏళ్లు. దీనికి భిన్నంగా, బఫెలో జట్టు కొత్త స్టేడియానికి 2022లో న్యూయార్క్ రాష్ట్రం 60 కోట్ల డాలర్లు, ఈరీ కౌంటీ 25 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఇది చాలా పెద్ద మొత్తమే, నాకు మింగుడు పడదు. అయినా ఒక మంచి వాక్యం రాయించుకున్నారు: అంచనా మించితే అదనమంతా జట్టుదే. మొదట 140 కోట్లన్న ఖర్చు తర్వాత 200 కోట్లు దాటింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ తేడా ఎవరి నెత్తిన పడేదో ఊహించుకోండి.

యాజమాన్యం గురించి ఒక మాట. "స్టేడియం ప్రజల ఆస్తిగానే ఉంటుంది" అని గర్వంగా చెబుతారు. ప్రభుత్వ ఆస్తికి ఆస్తిపన్ను ఉండదు, అందుకే జట్లకు ఆ ఏర్పాటు ఇష్టం. పత్రం మీద పేరు మీది. స్టేడియానికి కంపెనీల పేరు పెట్టే హక్కుల డబ్బు, పార్కింగు డబ్బు, ఖరీదైన గదుల అద్దెలు, సంగీత కచేరీల రాబడి ఎవరివో ఆదాయం అధ్యాయంలో చూడండి.

అప్పు లెక్క మీరే వేసుకోండి

ఈ పని ఎవరికీ వదలకండి. ఉదాహరణకు ప్రభుత్వం వాటా 30 కోట్ల డాలర్లు, 4.5 శాతం వడ్డీ, 30 ఏళ్ల బాండ్లు (ప్రభుత్వం జారీ చేసే అప్పు పత్రాలు) అనుకుందాం. ఏటా కట్టాల్సిన వాయిదా సుమారు కోటి 84 లక్షలు. ముప్ఫై ఏళ్లకు మొత్తం 55 కోట్లు దాటుతుంది. పత్రికలో మీరు చదివేది 30 కోట్లు, మీ పిల్లలు కట్టేది 55.

ఇప్పుడు ఆ వాయిదాను ఆట రోజులతో భాగించండి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తన మైదానంలో ఏడాదికి ఆడేది, సన్నాహక ఆటలతో కలిపి పదో, ఆ చుట్టుపక్కలో. అంటే ఆటకు 18 లక్షల డాలర్ల పైచిలుకు. అరవై వేల మంది వస్తే, ఒక్కో ప్రేక్షకుడికి మీరు 30 డాలర్లు చేతిలో పెట్టి లోపలికి పంపుతున్నట్టు. బేస్‌బాల్ జట్టు సొంత మైదానంలో 81 ఆటలు ఆడుతుంది కాబట్టి ఆటకు రెండు లక్షల 27 వేలే పడుతుంది. ఈ భాగహారం చూపించిన ప్రతిసారీ ఎదుటివారి ముఖం మారడం చూశాను. కోట్లు అర్థం కావు, తలకు ముప్ఫై అర్థమవుతుంది.

వాయిదాల పట్టిక కూడా అడిగి తీసుకోండి. మొదటి పదేళ్లు దాదాపు ఏమీ కట్టక్కర్లేకుండా, భారమంతా చివరకు నెట్టే బాండ్లు ఉంటాయి. మయామీలో 2012లో తెరిచిన బేస్‌బాల్ స్టేడియం కోసం తెచ్చిన అప్పుల్లో ఒకటి 9 కోట్ల 10 లక్షల డాలర్లది. 2048 నాటికి దానికి తిరిగి కట్టాల్సింది దాదాపు 120 కోట్లు! సంతకాలు పెట్టినవాళ్లలో ఎంతమంది అప్పటికి పదవుల్లో ఉంటారు?

ఇంకో పోలిక: కట్టడం ఆయుష్షూ అప్పు ఆయుష్షూ పక్కపక్కన రాయండి. సియాటిల్ నగరంలోని కింగ్‌డోమ్ 1976లో తెరిచారు, 2000 మార్చిలో పేల్చివేసి నేలమట్టం చేశారు. దాని అప్పు తీరింది 2015లో. న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియాన్ని 2010లో కూల్చినప్పుడు ఇంకా పది కోట్ల డాలర్లకు పైగా బాకీ ఉంది. అట్లాంటాలో బేస్‌బాల్ జట్టు 1997లో చేరిన మైదానాన్ని ఇరవై సీజన్లకే వదిలేసి పక్క కౌంటీకి మారింది. మీ ముందున్న పత్రంలో "కట్టడం జీవితకాలం 50 ఏళ్లు" అని ఉంటే, ఎవరి లెక్క ప్రకారమని అడగండి.

డబ్బు ఏ పన్ను నుంచి?

"ఇది బయటివాళ్లు కట్టే పన్ను, మీ జేబు తాకం" అన్నది పాత పాట. లాస్ వేగస్‌లో ఫుట్‌బాల్ స్టేడియానికి ఇచ్చిన 75 కోట్ల డాలర్లు హోటల్ గదుల మీద వేసిన 0.88 శాతం పన్ను నుంచి వస్తాయి. పర్యాటకుల ఊరు కాబట్టి అక్కడ ఆ వాదనలో కొంత నిజముంది. అయినా 2020లో హోటళ్లు ఖాళీ అయినప్పుడు నిల్వ నిధి మీద ఆధారపడాల్సి వచ్చింది. పైగా పర్యాటకుడి నుంచి రాబట్టగలిగిన డాలరును బడికో రోడ్డుకో కూడా వాడవచ్చు కదా. అది స్టేడియానికే రాసిపెట్టి పుట్టలేదు.

కొత్తగా కనిపెట్టిన ఆదాయ మార్గం అయితే మరింత జాగ్రత్త. మిన్నెసోటా రాష్ట్రం 2012లో ఫుట్‌బాల్ స్టేడియం ఖర్చులో తన వాటాకు ఎలక్ట్రానిక్ జూదపు ఆటల మీద పన్నును నమ్ముకుంది. ఏడాదికి మూడున్నర కోట్ల డాలర్లు వస్తాయన్నారు. త్వరలోనే ఆ అంచనాను 17 లక్షలకు దించుకున్నారు. లోటు పూడ్చడానికి సిగరెట్ల పన్ను వైపు చూడాల్సి వచ్చింది. న్యాయంగా మిగతా కథ కూడా చెప్పాలి: తర్వాతి ఏళ్లలో ఆ ఆటల రాబడి బాగా పుంజుకుంది, రాష్ట్రం 2023లో గడువుకు ఎంతో ముందే బాండ్లు తీర్చేసింది. అంచనాలు రెండు వైపులా తప్పుతాయి. తప్పినప్పుడు మొదట ఎవరి ఖాతాలోంచి తీస్తారో రాసి ఉందా అన్నదే చూడాలి. "సాధారణ నిధి" (అంటే ప్రభుత్వపు ఉమ్మడి ఖజానా) అనే రెండు మాటలు కనిపిస్తే, హామీదారు మీరే.

అమెరికాలో ఇంకో చిక్కు ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో వారం పట్టింది. ప్రభుత్వ బాండ్ల వడ్డీ మీద కేంద్ర ఆదాయపు పన్ను ఉండదు, అందుకే అవి తక్కువ వడ్డీకి దొరుకుతాయి. 1986 నాటి పన్ను సంస్కరణ చట్టం స్టేడియాలకు ఈ వెసులుబాటు దక్కకుండా చేయాలనుకుంది. కట్టడం వాడకంలో 10 శాతానికి మించి ప్రైవేటుదై, అప్పు వాయిదాల్లోనూ 10 శాతానికి మించి ఆ ప్రైవేటు వ్యాపారం నుంచే వస్తే మినహాయింపు పోతుందని షరతు పెట్టింది. రెండూ కలిస్తేనే పోతుంది. స్టేడియంలో ప్రైవేటు వాడకం దాచలేనిది. కాబట్టి నగరాలు రెండో షరతును తప్పించుకున్నాయి: జట్టు కట్టే అద్దెను వాయిదాల్లో పదో వంతు దాటనివ్వకుండా, మిగతా తొంభై శాతం పన్నుల నుంచి కట్టసాగాయి. జట్టు దగ్గర ఎక్కువ వసూలు చేస్తే చవక అప్పు చేజారుతుంది. దానాన్ని ఆపాలని తెచ్చిన చట్టమే దానం చేయమని పురిగొల్పింది. 2000 నుంచి కట్టిన లేదా భారీగా మార్చిన 45 స్టేడియాల్లో 36 ఇలాంటి బాండ్లు వాడుకున్నాయని, కేంద్ర ఖజానాకు 320 కోట్ల డాలర్లు పోయాయని బ్రూకింగ్స్ సంస్థ 2016లో లెక్క తేల్చింది. ఆ జట్టు పేరైనా వినని మనిషి కూడా ఇందులో వాటాదారే.

ఆర్థిక ప్రభావ నివేదికకు ఎర్ర పెన్సిలు

ఈ నివేదికను ఎవరి డబ్బుతో రాయించారో అట్ట లోపలి వైపు చూడండి. చాలాసార్లు జట్టే రాయిస్తుంది. తర్వాత పని సులువే. స్థానికులు పెట్టే ఖర్చును ముందు కొట్టేయండి. ఒక కుటుంబం ఏడాదికి వినోదానికి పెట్టే డబ్బు ఇంతేనని ఉంటుంది. ఆ డబ్బు ఆటకు వెళితే, సినిమా హాలుకో భోజనశాలకో తగ్గుతుంది. ఊరికి కొత్తగా వచ్చిందేమీ లేదు, జేబు మారిందంతే. వేరే పని మీద వచ్చి ఆటకు కూడా వెళ్లినవాళ్లనూ కొట్టేయండి. మిగిలిన దాంట్లో ఊళ్లో నిలిచేది ఎంతో చూడండి: పెద్ద లీగ్‌ల ఆదాయంలో సుమారు సగం ఆటగాళ్ల జీతాలకు పోతుంది, వాళ్లలో చాలామంది సీజన్ అయ్యాక ఊళ్లో ఉండరు. చివరగా గుణకం. ఒక డాలరు ఊళ్లో చేతులు మారి రెండు డాలర్ల పని చేస్తుందని రాస్తారు. సరే, అదే డాలరు పన్నుగా వసూలు కాకుండా జనం చేతిలోనే ఉంటే అప్పుడూ చేతులు మారేదే కదా?

ఉద్యోగాల అంకె చూసి ముచ్చటపడకండి. ఆట రోజున నాలుగు గంటలు టికెట్లు చించే పని కూడా అందులో ఒక ఉద్యోగమే. "పూర్తికాల ఉద్యోగాలుగా మారిస్తే ఎన్ని?" అని అడిగి, వచ్చిన అంకెతో ప్రజాధనాన్ని భాగించండి. ఆర్థికవేత్తలు ఒకరితో ఒకరు ఏకీభవించడం అరుదని అంటారు. ఈ విషయంలో మాత్రం దశాబ్దాల పరిశోధన ఒకే వైపు చూపిస్తోంది: స్టేడియాల వల్ల స్థానికంగా ఒరిగే ఆర్థిక లాభం, పెట్టిన ప్రజాధనానికి సాటిరాదు. ఊరికి పేరు, కలిసి అరిచే ఆనందం, ఇవి ఉన్నాయి. వాటికి నేనూ విలువ ఇస్తాను. అయితే ఆనందం కోసం కొంటున్నామని చెప్పి కొనాలి, పెట్టుబడి అని చెప్పి కాదు.

"వెళ్లిపోతాం" అన్నప్పుడు

లీగ్‌లు జట్ల సంఖ్యను కావాలనే పరిమితంగా ఉంచుతాయి. ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లు, జట్టు కావాలనుకునే నగరాలు అంతకన్నా ఎక్కువ. 1995 నుంచి 2016 వరకు లాస్ ఏంజలిస్ అంత మహానగరంలో ఒక్క ఫుట్‌బాల్ జట్టు లేదు. ఆ ఖాళీని చూపించి ఇతర నగరాలను బెదిరించడం సులువైంది. బెదిరింపు ఎప్పుడూ ఉత్తుత్తిదే అనను. సియాటిల్ బాస్కెట్‌బాల్ జట్టు 2008లో, లీజు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగానే, నాలుగున్నర కోట్ల డాలర్లకు రాజీ చేసుకుని ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయింది. మీ లీజులో జట్టు మధ్యలో కదిలితే కట్టాల్సిన పరిహారం, మిగిలిన అప్పు కన్నా ఎక్కువ ఉందా అన్నది చూసుకోండి. తక్కువైతే దాన్ని తాళం అనలేం, గడియ మాత్రమే.

వద్దు అంటే అంతటితో అయిపోదు. శాన్‌ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ జట్టు కోసం ప్రజాధనంతో కట్టే ప్రతిపాదనలను ఆ ప్రాంతపు ఓటర్లు 1987 నుంచి 1992 దాకా నాలుగుసార్లు తిరస్కరించారు. చివరకు జట్టు దాదాపు మొత్తం ప్రైవేటు డబ్బుతోనే కట్టుకుని 2000లో తెరిచింది. 2024 ఏప్రిల్‌లో మిస్సోరీలోని జాక్సన్ కౌంటీ ఓటర్లు రెండు జట్ల కోసం అమ్మకపు పన్నును నలభై ఏళ్లు పొడిగించే ప్రతిపాదనను 58 శాతం ఓట్లతో కాదన్నారు.

పత్రం చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "వాణిజ్య రహస్యం" అంటారు, అప్పీలు చేయండి. లండన్ స్టేడియం ఒప్పందం 2016లో అలాంటి పోరాటం తర్వాతే పూర్తిగా బయటికొచ్చింది. గోల్ పోస్టులు, మూలల్లో పాతే జెండాల ఖర్చు కూడా క్లబ్బుది కాదని జనానికి అప్పుడే తెలిసింది.

మూడు నిమిషాలు

బహిరంగ విచారణలో మాట్లాడటానికి మీకిచ్చేది బహుశా మూడు నిమిషాలు. ఉపన్యాసం ఇవ్వకండి. పేజీ సంఖ్య చెప్పి ప్రశ్న అడగండి, ఆ ప్రశ్నను రాతపూర్వకంగా కూడా ఇచ్చి రికార్డులో చేర్చమనండి. ప్రశ్న ఒక్కటే ఉండాలి. మూడు అడిగితే సులువైనదానికి జవాబు చెప్పి కూర్చుంటారు.

ఆ మంగళవారం నేను చేసింది అదే. "287వ పేజీలో పెట్టుబడి స్వభావం గల మరమ్మతులన్నీ ప్రభుత్వానివని ఉంది. ఇరవై ఏళ్లకు పైకప్పు మార్చాల్సి వస్తే ఎవరు మారుస్తారు?" అన్నాను. అధ్యక్షుడు న్యాయవాది వైపు చూశాడు, న్యాయవాది పేజీలు తిప్పాడు, పది నిమిషాల విరామం ప్రకటించారు. అది నలభై నిమిషాలు సాగింది. తిరిగి వచ్చాక ఒక వాక్యం సవరించి చదివారు, ఆ తర్వాత ఒప్పందాన్ని రెండు ఓట్ల తేడాతో ఆమోదించారు. నేను ఓడిపోయాను. పైకప్పు మాత్రం జట్టు ఖాతాలోకి వెళ్లింది.